ఏంజెల్‌మన్ సరే, ఏ రకం? రిపోర్టులో వెతకాల్సిన ఒక్క ముక్క

అమ్మానాన్నలిద్దరూ చామనఛాయ. అక్కా అంతే. చిన్నవాడు మాత్రం పాలమీగడలా పుట్టాడు, జుట్టు కూడా నలుపు కాకుండా కాస్త గోధుమ రంగుకు తిరిగి ఉంది. మన ఇళ్లలో ఇలాంటి పిల్లవాడికి దక్కే మురిపెం చెప్పనక్కర్లేదు. "ఎవరి పోలికే వీడికి ఈ రంగు?" అని చూడవచ్చినవాళ్లంతా అడుగుతారు. నాయనమ్మ తన పుట్టింటివైపు ఎవరినో గుర్తు చేసుకుంటుంది. ఏడాది నిండినా వాడు కూర్చోక, రెండేళ్లకు ఫిట్స్ మొదలయ్యాక ఆ రంగు సంగతి అందరూ మరిచిపోతారు. జెనెటిక్స్ డాక్టరు మాత్రం మరిచిపోరు. పిల్లవాడి జుట్టును, అక్క జడను పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇది ఊహించి చెప్పిన ఇల్లే. డాక్టరు అలా పోల్చి చూడటం మాత్రం నిజం. ఏంజెల్‌మన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి ఇంట్లోవాళ్ల కంటే రంగు తేలిగ్గా ఉంటుంది, మిగతావాళ్లకు ఉండదు. కొందరికే ఎందుకన్నది తెలిస్తే ఈ జబ్బు గుట్టు సగం విప్పినట్టే.

ముందు జబ్బు సంగతి. సుమారు 12 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుంది. 1965లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పిల్లల డాక్టరుగా ఉన్న హ్యారీ ఏంజెల్‌మన్, తన దగ్గరకు వేర్వేరుగా వచ్చిన ముగ్గురు పిల్లల్లో ఒకే పోలిక ఉందని గమనించి రాశాడు. మాటలు రాలేదు, నడకలో తూలు, ఒంట్లో కుదుపులు, ఫిట్స్. వీటన్నిటి మధ్య, ఏ కారణం లేకుండా పొంగుకొచ్చే నవ్వు. ఇటలీలోని వెరోనాలో ఒక మ్యూజియంలో నవ్వుతున్న పిల్లవాడి పెయింటింగ్ చూసి వీళ్లకు 'పప్పెట్ చిల్డ్రన్' అని పేరు పెట్టాడు, అంటే తోలుబొమ్మల్లాంటి పిల్లలు. ఆ పేరు తల్లిదండ్రులకు నచ్చలేదు. ఎవరికి మాత్రం నచ్చుతుంది? 1980ల నుంచి డాక్టరు పేరే జబ్బు పేరుగా స్థిరపడింది.

ఈ పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లు మొదట చెప్పేది నీళ్ల సంగతి. బకెట్టు కనిపిస్తే అందులో చెయ్యి పెట్టాల్సిందే, కుళాయి తిప్పిన చప్పుడైతే పక్కగదిలోంచి పాకుతూ రావాల్సిందే. గలగలలాడే ప్లాస్టిక్ కవరన్నా, బిస్కెట్ ప్యాకెట్ కాగితమన్నా అంతే ఇష్టం. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తారు. నిద్ర తక్కువ. అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చుని నవ్వుతూ ఉంటారు, తల్లికి మాత్రం నవ్వు రాదు. మెదడులోని విద్యుత్ అలలను గీసి చూపించే ఈఈజీ తీస్తే, ఫిట్స్ లేని సమయంలో కూడా పెద్ద పెద్ద నిదానపు అలలు కనిపిస్తాయి. చూసి అలవాటైన డాక్టరు ఆ ఒక్క కాగితంతోనే అనుమానించగలరు. అలవాటు లేని చోట ఈ పిల్లల్ని సీపీ (సెరిబ్రల్ పాల్సీ) అనో ఆటిజం అనో రాసి, ఏళ్లకేళ్లు ఫిజియోథెరపీకి తిప్పడం మామూలే.

ఇక లోపలి కథ. మనకు 23 జతల క్రోమోజోములు. ప్రతి జతలోనూ ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. చాలా జన్యువుల విషయంలో ఏది ఎవరిదన్న పట్టింపు లేదు, రెండు కాపీలూ పనిచేస్తాయి. 15వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న పేట మాత్రం ఈ లెక్కకు లొంగదు. అక్కడున్న యూబీఈ3ఏ అనే జన్యువు మెదడు నాడీకణాల్లో అమ్మ కాపీ నుంచే పనిచేస్తుంది. నాన్న కాపీ చెక్కుచెదరకుండా ఉన్నా నోరు మూసుకుని కూర్చుంటుంది. రక్తంలో, చర్మంలో ఈ పేచీ లేదు, రెండూ పనిచేస్తాయి. కాబట్టే ఈ పిల్లల గుండె, కాలేయం మామూలుగా ఉండి మెదడు మాత్రం ఇబ్బంది పడుతుంది.

దీన్ని పట్టాదారు పాస్‌బుక్కుతో పోల్చుకుంటే తేలిక. పొలం అదే, గట్లు అవే. కానీ ఎవరి పేరు మీద ఉందన్నదాన్ని బట్టే దాని మీద అప్పు పుట్టడం, పుట్టకపోవడం. తరం మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు ఎక్కిస్తారు. నాన్నకు తన తల్లి నుంచి వచ్చిన 15వ క్రోమోజోమే అయినా, ఆయన వీర్యకణంలోకి చేరేసరికి దాని మీద 'నాన్న' అనే ముద్ర పడుతుంది. అమ్మకు తన తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్ ఆమె అండంలోకి చేరేసరికి 'అమ్మ' ముద్ర వేయించుకుంటుంది. (తమాషా ఏమంటే రెవెన్యూ ఆఫీసులో ఈ పేరు మార్పునే మ్యుటేషన్ అంటారు. జన్యుశాస్త్రంలో మ్యుటేషన్ అంటే పేరు కాదు, పొలమే మారిపోవడం. రెండూ కలిపేసుకోకండి.)

ఈ ముద్ర ఎంత గట్టిదో చూపించే జబ్బు పక్కనే ఇంకొకటి ఉంది. 1956లో స్విట్జర్లాండ్ డాక్టర్లు ప్రాడర్, లాబ్‌హార్ట్, విల్లీ వర్ణించిన ప్రాడర్-విల్లీ సిండ్రోమ్. ఆ పిల్లలు పుట్టినప్పుడు గుడ్డపేలికలా మెత్తగా ఉంటారు, పాలు పీల్చే సత్తువ ఉండదు. కొన్నేళ్లకు కథ తిరగబడి, ఎంత తిన్నా తీరని ఆకలి పట్టుకుంటుంది. ఏంజెల్‌మన్‌తో దీనికి పోలికే లేదు. కానీ 1980ల్లో క్రోమోజోములను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే రెండు జబ్బుల్లోనూ 15వ క్రోమోజోమ్‌లో అదే ముక్క పోయి ఉంది! ఒకే ముక్క పోతే రెండు వేర్వేరు జబ్బులేమిటని తలలు పట్టుకున్నారు. 1989కల్లా చిక్కు వీడింది. నాన్న వైపు ముక్క పోతే ప్రాడర్-విల్లీ, అమ్మ వైపు ముక్క పోతే ఏంజెల్‌మన్. ఆ ముక్కలో అసలు దోషి యూబీఈ3ఏ అని 1997లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా తేల్చాయి.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మెదడులో అమ్మ యూబీఈ3ఏ పనిచేయకపోవడమే ఏంజెల్‌మన్. కానీ అది పనిచేయకుండా పోవడానికి నాలుగు దారులున్నాయి. ఏ దారిన వచ్చిందన్నదే పిల్లల మధ్య తేడాకు చాలావరకు మూలం.

నూటికి 70 మందిలో అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లో ముక్కకు ముక్కే ఊడిపోయి ఉంటుంది. దీన్ని డిలీషన్ అంటారు. ఊడిన ముక్క పొడవు 50 నుంచి 60 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. ఇళ్లు కూల్చే బుల్డోజర్ ఒక్క ఇంటిని చూసి ఆగదు కదా, పేట మొత్తం పోతుంది. యూబీఈ3ఏతో పాటు పక్కనున్న జన్యువులూ పోతాయి. అందులో ఓసీఏ2 ఒకటి. చర్మానికి, జుట్టుకు, కంటికి రంగునిచ్చే పనిలో దానికి పాత్ర ఉంది. రెండు కాపీల్లో ఒకటి పోతే రంగు ఒక మెట్టు తగ్గుతుంది. అక్క జడ పక్కన తమ్ముడి జుట్టు పెట్టి చూసింది ఇందుకే. ఆ మీగడ రంగు వెనకున్నది నాయనమ్మ పుట్టింటి పోలిక కాకపోవచ్చు, పోయిన జన్యువు కావచ్చు.

రంగు తగ్గితే నష్టం లేదు. అదే ముక్కలో, గాబా అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లను తయారుచేసే మూడు జన్యువులు కూడా ఉన్నాయి, వాటితోనే తంటా. మెదడులో గాబా అంటే బ్రేకు. నాడీకణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోకుండా ఆపేది అదే. అసలే యూబీఈ3ఏ లేక మెదడు తడబడుతుంటే, పైన బ్రేకు కూడా సగం అరిగిపోతుంది. డిలీషన్ ఉన్న పిల్లల్లో ఫిట్స్ తొందరగా రావడం, ఎక్కువగా రావడం, మందులకు ఒక పట్టాన లొంగకపోవడం వెనక దీని చెయ్యి ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. తల చుట్టుకొలత తక్కువగా ఉండటం, నడక ఆలస్యం కావడం, మాట దాదాపు లేకపోవడం కూడా ఈ గుంపులోనే ఎక్కువ. డిలీషన్‌లోనూ చిన్నది, పెద్దది ఉన్నాయి. పెద్ద ముక్క పోయినప్పుడు అదనంగా మరో నాలుగు జన్యువులు పోతాయి. పెద్ద ముక్క పోయిన పిల్లలకు ఇబ్బంది మరికాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు చూపించాయి, తేడా మాత్రం అంత కొట్టొచ్చినట్టు ఉండదు.

రెండో దారిలో ఏ జన్యువూ పోదు. అక్షరం కూడా చెడదు. బిడ్డకు 15వ క్రోమోజోములు రెండూ ఉంటాయి, రెండూ నాన్నవే! అండంలో ఆ క్రోమోజోమ్ రాకపోతే, ఒక్కదానితో బతకలేని పిండం ఉన్నదాన్నే ఇంకో కాపీ తీసుకుని జత పూర్తి చేసుకుంటుంది. బిడ్డ బతుకుతుంది, కానీ మెదడులో యూబీఈ3ఏ రెండు కాపీలూ మౌనంగానే ఉంటాయి. మూడో దారిలో అమ్మ క్రోమోజోమ్ వచ్చింది, ముక్క పోలేదు, కానీ దాని మీద 'అమ్మ' ముద్ర పడలేదు. పాస్‌బుక్కులో పేరు మార్చడం మరిచిపోయారన్నమాట. ఈ రెండూ కలిపి నూటికి ఎనిమిది, పది మందిలో ఉంటాయి.

ఈ రెండు గుంపుల్లో పేటంతా చెక్కుచెదరకుండా ఉంది. గాబా జన్యువులున్నాయి, ఓసీఏ2 ఉంది. కాబట్టి రంగు ఇంట్లోవాళ్ల రంగే. ఫిట్స్ తక్కువ, కొందరికి అసలు రావు. నడక ముందు వస్తుంది, తల కొలత మామూలుగా ఉంటుంది. మాటలూ నాలుగు ఎక్కువే. అయితే వీళ్లలో కొందరికి ఒళ్లు పెరుగుతుంది, తిండి యావ ఎక్కువ. ఈ ఆకలి, పైకి కనిపించే చలాకీతనం చూసి డాక్టర్లు ఏంజెల్‌మన్ అని అనుమానించడానికే ఆలస్యమవుతుంది. స్వల్పంగా ఉండటం వల్ల పేరు దొరక్కపోవడం ఎంత చిత్రమైన కష్టమో!

మూడో దారిలో ఒక ప్రత్యేకమైన మలుపుంది. ముద్ర పడకపోవడం కొన్నిసార్లు పిండం ఏర్పడ్డాక, కొన్ని కణాల్లో మాత్రమే జరుగుతుంది. అప్పుడు పిల్లల ఒంట్లో మామూలు కణాలు, ముద్ర లేని కణాలు కలగాపులగంగా ఉంటాయి. దీన్ని మొజాయిక్ అంటారు. ఇలాంటి పిల్లలు వాక్యాలు కూడా మాట్లాడగలరు. మాటలు రావని పుస్తకాల్లో రాసిన జబ్బున్న పిల్ల "అమ్మా, నీళ్లు కావాలి" అని అడుగుతుంది. డిలీషన్ ఉన్న పిల్లవాడి తల్లికి "అమ్మ" ఒక్కటే అప్పుడప్పుడూ వినిపించొచ్చు, అది తనను పిలిచిందో ఊరికే వచ్చిన శబ్దమో తేల్చుకోలేక ఆమె చెవులు రిక్కిస్తుంది. ఇద్దరి ఫైళ్ల మీదా రాసి ఉండేది ఒకటే పేరు.

నాలుగో దారి, నూటికి పది మందిది. అమ్మ నుంచి వచ్చిన యూబీఈ3ఏలోనే అక్షరదోషం. పేటలో మిగతా ఇళ్లన్నీ బాగున్నాయి, ఆ ఒక్క ఇల్లే కూలింది. శాస్త్రవేత్తలకు ఈ పిల్లలు చాలా ముఖ్యం. యూబీఈ3ఏ ఒక్కటే పోతే ఏమవుతుందో వీళ్లను చూస్తే తెలుస్తుంది కాబట్టి. నవ్వు, నీళ్ల మీద మోజు, తూలు నడక, ఈఈజీలో ఆ పెద్ద అలలు, అన్నీ వీళ్లకూ ఉంటాయి. అంటే ఈ లక్షణాలు ఆ ఒక్క జన్యువు తాలూకువే. డిలీషన్‌లో అదనంగా కనిపించే భారం పొరుగు జన్యువులది. ఇంత శుభ్రంగా విడగొట్టగలిగే అవకాశం మెదడు జబ్బుల్లో చాలా అరుదు. అయితే లెక్క ఇక్కడితో సరిపోదు. గాబా జన్యువులు బాగానే ఉన్నా ఈ గుంపులో ఫిట్స్ చాలామందికి వస్తాయి. కదలికల్లో, మాటల్లో వీళ్లు డిలీషన్ పిల్లల కంటే మెరుగు. మొత్తంమీద డిలీషన్‌కూ మిగతా రెండు గుంపులకూ నడిమధ్య ఎక్కడో ఉంటారు.

ఈ నాలుగు దారుల్లో ఏదీ దొరకనివాళ్లు ఇంకో పది శాతం దాకా ఉన్నారు. వాళ్లలో కొందరిది అసలు ఏంజెల్‌మన్ కాక, దాన్ని పోలిన మరో జన్యుజబ్బు అని తర్వాత తేలుతుంటుంది.

రకాన్ని చూసి జాతకం చెప్పేయొచ్చా అంటే, వద్దు. అదే పొడవు డిలీషన్ ఉన్న ఇద్దరిలో ఒకరు మూడేళ్లకు నడవొచ్చు, మరొకరు ఏడేళ్లకూ పట్టుకుని నిలబడుతూ ఉండొచ్చు. ఫిట్స్ ఎంత త్వరగా అదుపులోకి వచ్చాయి, నిద్ర ఎలా ఉంది, థెరపీ ఎప్పుడు మొదలైంది, వీటన్నిటికీ పాత్ర ఉంది. పైగా నోటి మాటను బట్టి వీళ్ల తెలివిని కొలిస్తే మోసపోతాం. మాట్లాడలేని పిల్లల్లో చాలామంది మాట్లాడగలిగినదానికంటే ఎక్కువే అర్థం చేసుకుంటారు. తండ్రి బైక్ తాళం తీస్తే చెప్పుల దగ్గరికి పాకే పిల్లవాడికి విషయం తెలియక కాదు. బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో బటన్ నొక్కితే పలికే యాప్‌లు ఏ రకం పిల్లలకైనా మొదలుపెట్టవచ్చు. "మాటలొస్తాయేమో చూద్దాం" అని ఆగడం వల్ల పోయేది కాలమే.

పరీక్షల దగ్గర చాలా కుటుంబాలు పొరపడతాయి. మొదట చేయాల్సింది మిథైలేషన్ పరీక్ష, అంటే ముద్రను చూసే పరీక్ష. మొదటి మూడు దారులూ ఇందులో పట్టుబడతాయి, నూటికి 80 మంది ఇక్కడే దొరుకుతారు. కానీ అది 'అమ్మ ముద్ర లేదు' అని మాత్రమే చెబుతుంది. ముక్క పోయిందా, రెండూ నాన్నవేనా, ముద్ర పడలేదా అన్నది చెప్పదు. రిపోర్టులో 'ఏంజెల్‌మన్‌కు అనుకూలం' అని చూసి చాలామంది ఫైలు మూసేస్తారు. రకం తేలాలంటే పోయిన ముక్కలను వెతికే మైక్రోఅరే గానీ, ముక్క పోవడాన్నీ ముద్రనూ ఒకేసారి చూసే ఎమ్‌ఎస్-ఎమ్‌ఎల్‌పీఏ గానీ చేయించాలి, అవసరాన్ని బట్టి అమ్మానాన్నల రక్తం కూడా ఇవ్వాలి. నాలుగో దారి వాళ్లకు మిథైలేషన్ నార్మల్‌గానే వస్తుంది, వాళ్లకు యూబీఈ3ఏ అక్షరాలు చదివించాలి. ఈ రోజుల్లో అందరూ నేరుగా, జన్యువులన్నిటినీ ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష చేయించేస్తున్నారు. ఎక్సోమ్ అక్షరాలు చదువుతుంది, ముద్రను చదవదు. వేలకు వేలు పోసి చేయించిన ఎక్సోమ్ 'నార్మల్' అని వచ్చినా ఏంజెల్‌మన్ లేదని కాదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి చోట్ల జెనెటిక్స్ డాక్టర్లున్నారు. డబ్బు కట్టే ముందు వాళ్లను ఒకసారి కలవడం మేలు.

రకం తెలిసి ఒరిగేదేమిటి, మందే లేనప్పుడు? ఈ ప్రశ్న తరచూ వింటాం. మొదటి జవాబు, మందు దారిలో ఉంది. నాన్న కాపీ నోరు మూసుకుని ఉందని చెప్పుకున్నాం కదా, దాని నోరు నొక్కేది ఒక పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు. ఒక క్యాన్సర్ మందు ఎలుకల నాడీకణాల్లో నాన్న యూబీఈ3ఏని మేల్కొల్పిందని అమెరికాలోని నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2011 చివర్లో చూపించారు. ఇప్పుడు ఆ పోగును మాత్రమే తెంపే యాంటీసెన్స్ మందులను వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి పిల్లల్లో పరీక్షిస్తున్నారు. 2020లో ఒక ట్రయల్‌లో ఎక్కువ మోతాదు తీసుకున్న ఐదుగురికి కాళ్లలో పట్టు తప్పింది. వాళ్లు కోలుకున్నాక, మోతాదు తగ్గించి ట్రయల్ మళ్లీ నడిపించారు. రకం ఇక్కడా అడ్డం వస్తుంది. డిలీషన్ పిల్లవాడిలో మేల్కొనేది ఒక్క కాపీ. రెండూ నాన్నవే ఉన్న పిల్లలో మేల్కొనేవి రెండు, ఎక్కువైతే అదొక చిక్కు. అమ్మ వైపు ఈ ముక్క అదనంగా వస్తే ఆటిజం, ఫిట్స్ వస్తాయని మనకు తెలుసు. ఈ జన్యువుకు తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే.

రెండో జవాబు తర్వాతి కాన్పు గురించి. డిలీషన్ అయినా, రెండూ నాన్నవే అయినా సాధారణంగా ఆ ఒక్కసారికి జరిగిన పొరపాటే, మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. ముద్ర పడకపోవడానికి కారణం ముద్ర వేసే చోటే తల్లి క్రోమోజోమ్‌లో చిన్న లోటు ఉండటమైతే, లేదా యూబీఈ3ఏ అక్షరదోషం తల్లిలో ఉంటే, ప్రతి కాన్పులోనూ సగం సగం అవకాశం. నూటికి ఒకటికీ, రెండింట ఒకటికీ ఎంత దూరం! ఆ దూరాన్ని కొలిచేది రిపోర్టులోని ఆ ఒక్క ముక్కే.

మన దగ్గర డాక్టరు మొదట అడిగేది "మేనరికమా?" అని. కాదంటే ఊపిరి పీల్చుకుంటారు, అవునంటే తప్పంతా అక్కడే ఉందనుకుంటారు. ఇద్దరి నుంచీ చెడు కాపీ వస్తేనే పుట్టే జబ్బులకు ఆ ప్రశ్న సరైనదే. ఏంజెల్‌మన్ అలాంటిది కాదు. మేనరికం చేసుకున్నందువల్ల వచ్చేదీ కాదు, చేసుకోనందువల్ల తప్పేదీ కాదు. ఇక్కడ అడగాల్సింది వేరే. అక్షరదోషం తల్లికి ఎక్కణ్నుంచి వచ్చింది?

తరచుగా ఆమె తండ్రి నుంచి. తాతయ్య నుంచి కూతురికి వచ్చినప్పుడు ఆ కాపీ మీద నాన్న ముద్ర ఉంది, మెదడులో అది ఎలాగూ మౌనమే, కాబట్టి ఆమెకు ఏమీ కాలేదు. ఆమె బిడ్డకు ఇచ్చేటప్పుడు ముద్ర మారింది, జబ్బు బయటపడింది. మగవాళ్ల మీదుగా నడిచినంతకాలం ఈ దోషం ఎన్ని తరాలైనా కనిపించకుండా పోతుంది. అదే దోషం బిడ్డ మేనమామకూ వచ్చి ఉండొచ్చు. ఆయన పిల్లలకు ఈ జబ్బు రాదు, కానీ ఆయన కూతుళ్ల కడుపున పుట్టేవాళ్లకు రావచ్చు. పిన్నికో పెద్దమ్మకో వచ్చి ఉంటే, వాళ్ల పిల్లలకే నేరుగా ముప్పు.

అందుకని నాలుగో రకమని రిపోర్టు వచ్చి, దోషం తల్లిలోనూ ఉందని తేలిన రోజు ఆమె చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. కొత్తగా పెళ్లయిన చెల్లెలికి ఫోన్ చేయాలి. "మా వాడి రిపోర్టు వచ్చింది, నువ్వు కూడా ఒక రక్తపరీక్ష చేయించుకోవాలే" అని చెప్పాలి. అత్తింట్లో ఎలా తీసుకుంటారో అన్న భయంతో ఈ ఫోన్ ఆగిపోతుంది. చెల్లెలికి మూడో నెల వచ్చాక చేసే ఫోన్ కంటే, ఇవాళ చేసేదే తేలిక.